శాస్త్రము చదివినవారు శాస్త్రము చెప్పనేర్చుట

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశమున బరంపురములో చేసిన ప్రసంగము)



ఏటేట ఈ సభలో మనము చర్చించు విషయములు మీకు తెలిసినవే. తెలుగు పాఠశాలలకు ఉపాధ్యాయులను నియమింపకపోవుట, పాఠ్యపుస్తకములు వేళకు అందకపోవుట, సంఘభవనపు మరమ్మతులు. అవి ఈ యేడును చర్చకు వచ్చును. వానికి ముందు, కార్యవర్గము అనుమతితో, కొంతసేపు మేము వేరొక విషయము మీ యెదుట పెట్టుచున్నాము. మన కుటుంబములలో ఎమ్మెస్సీ చదివి, పరిశోధనలో చేరి, రేపు కళాశాలలలోను విశ్వవిద్యాలయములలోను పాఠములు చెప్పబోవు యువతీయువకులు కొందరున్నారు. వారిని ఆ పనికి సిద్ధపరచువారెవరు అన్నదే ఆ విషయము.

మెట్రిక్కుతో చదువు ముగించి బట్టల కొట్టులో కూర్చున్నవారికి విశ్వవిద్యాలయ బోధనతో ఏమి పని అని మీలో కొందరికి తోచవచ్చును. పట్టుచీర నేయు విధానము మనకు తెలియకపోవచ్చును గాని, ఒక్క ఉతుకునకే రంగు విడిచినదో లేదో చెప్పుటకు మగ్గమెక్క నక్కరలేదు. జీతములు కట్టువారము మనము. తరగతిలో కూర్చుండువారు మన పిల్లలు. ఇప్పుడు తరగతి యెదుట నిలుచుండువారిలోను మన పిల్లలున్నారు. కనుక మాటలాడు హక్కు కలదని యెంచి మాటలాడుచున్నాము.

ఒకటవ తరగతి పిల్లలకు ఓనమాలు దిద్దించుటకు డి.ఎల్.ఎడ్. శిక్షణ కావలెను, ఆ మీద టెట్ అను పరీక్షయు గట్టెక్కవలెను. ఉన్నత పాఠశాలలో చెప్పుటకు బి.ఎడ్. కావలెను. ఆ చదువులలో ఇతరుల తరగతులలో కూర్చుండి చూచుట, పాఠమునకు ముందు ప్రణాళిక వ్రాసికొనుట, పెద్ద ఉపాధ్యాయుని యెదుట పాఠము చెప్పి తప్పొప్పులు దిద్దించుకొనుట కలవు. ఆ శిక్షణ అన్నిచోట్ల సక్రమముగా జరుగుచున్నదని మేము అనము. జరుగవలెనన్న నియమమైనను కలదు. కళాశాల గడప దాటినంతనే ఆ నియమము కనబడదు. 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., చేసిన నిబంధనలను చూడుడు. సహాయ ఆచార్య పదవికి ఎమ్మెస్సీలో నూటికి 55 మార్కులు, నెట్ లేక పిహెచ్.డి. అడిగినారే గాని, ఏనాడైన ఎవరియెదుటనైన ఒక పాఠము చెప్పి దిద్దించుకొంటివా అని అడుగలేదు.

ఆ నెట్ పరీక్షలో ఒక వింత కలదు. చరిత్ర, సాహిత్యము, వాణిజ్యము వంటివి చదివినవారు వ్రాయు యు.జి.సి. నెట్‌లో మొదటి పత్రమున బోధనా సామర్థ్యమును గూర్చిన ప్రశ్నలు కొన్ని యుండును. భౌతికము, రసాయనము, జీవశాస్త్రము, గణితము, భూశాస్త్రము చదివినవారు వ్రాయునది సి.ఎస్.ఐ.ఆర్. నెట్. దానికి 200 మార్కులు, మూడు గంటల కాలము. మొదటి భాగములో తర్కము, లెక్కలు, పటములు చదువుట వంటి సామాన్య ప్రజ్ఞకు 30 మార్కులు, మిగిలినదంతయు శాస్త్రవిషయమే. బోధనకు అందులో చోటు లేదు. కాగితముపై ప్రశ్నలకు జవాబులు గుర్తుపెట్టినంతమాత్రమున బోధన వచ్చునని కాదు. కాని ప్రయోగశాలలు, ప్రమాదకర ద్రవ్యములు, చేతిపని కలిగిన శాస్త్రములవారికే ఆ ఊసు కూడ లేకుండుట ఆలోచింపదగినది.

మన కొట్లలో ఏమి చేయుచున్నాము? కొత్తగా చేరిన కుర్రవానికి మొదటినాడే మీటరు కర్ర చేతికిచ్చువారు ఈ సభలో ఒక్కరును లేరు. కొన్ని నెలలు వాడు తానులు విప్పి మడతలు పెట్టును. పెద్ద గుమాస్తా ప్రక్కన నిలిచి, ఏ బేరము ఎట్లు కుదిరినదో, వచ్చిన ఇల్లాలు ఏ మాటకు ముఖము చిట్లించి లేచిపోయినదో చూచును. ఆ పిమ్మటనే కర్ర. గుడ్డ తప్పు కోసిన ఒక జాకెట్టు ముక్క పోవును, అంతియే. తరగతిలో తప్పు కోసినచో పోవునది ఒక బిడ్డ చదువు.

ఇది అలంకారమునకు చెప్పిన మాట కాదు. మన సభ్యులలో ఒకరి కుమార్తె, ఆ యింట డిగ్రీ వరకు వచ్చిన మొదటి బిడ్డ, తెలుగు బడిలో ప్రాథమిక విద్య, ఒడియా మాధ్యమమున ఉన్నత పాఠశాల చదివి, ఇష్టపడి భౌతికశాస్త్రము ఆనర్సులో చేరినది. మూడు నెలలు తిరుగకముందే అది విడిచి ఆర్ట్సునకు మారినది. ఆ తరగతికి చెప్పినవారు అతిథి అధ్యాపకులు. వారును మన వీథి కుర్రవారే. నెట్ తొలి ప్రయత్నముననే గెలిచి పరిశోధన చేసినవారు, సూక్ష్మబుద్ధి, వినయము కలవారు. ఇద్దరి పేర్లును చెప్పము, కళాశాల పేరును చెప్పము. ఆ అమ్మాయిని పిలిచి అడిగితిమి. "బాబాయిగారూ, మాస్టారు మంచివారే. కాని ఆయన బోర్డుతో మాటలాడుదురు, మాతో కాదు. అందరికిని తెలిసినట్లే చెప్పుకొని పోవుదురు. అడిగిన నలుగురు నవ్వుదురేమో నని అడుగలేదు" అని చెప్పినది. కుర్రవానిని అడిగితిమి. "ఎవరును ఏమియు అడుగలేదండీ. అర్థమైనదనుకొంటిని. నాకు మా మాస్టార్లు అట్లే చెప్పినారు" అనెను. ఇద్దరును మనవారే, ఇద్దరిలో ఎవరును సోమరులు కారు. ఆ రోజు మొదలు ఈ విషయము మమ్ము విడువలేదు.

మాకు తోచిన మొదటి సంగతి ఇది. ఎంత లోతుగ చదివినవారికి అంత కష్టము. ఒక విషయము తమకు మొదట ఎందుకు అర్థము కాలేదో వారు మరచిపోయియుందురు. ఐదేండ్లు ఒక సన్నని విషయములో మునిగినవారికి మొదటి సంవత్సరపు పిల్లవాని తల ఎట్లు పనిచేయునో గుర్తుండదు. గుర్తు చేసికొనుట ఒక విద్య. దానిని నేర్పవచ్చును, నేర్చుకొనవచ్చును.

"బోధన పుట్టుకతో వచ్చునది. మన కాలపు గొప్ప ఆచార్యులకు ఎవరు శిక్షణ ఇచ్చిరి?" అని కార్యవర్గములోనే ఒక పెద్దలు అడిగిరి. న్యాయమైన ప్రశ్న. అట్టి మహానుభావులు కొందరు పుట్టుకతోనే ఉందురు. అయితే వారి తరగతులలో ఆ కాలమున కూర్చున్నవారు తక్కువమంది, అప్పటికే ఎన్నో వడపోతలు దాటి వచ్చినవారు. ఇప్పుడు మొదటి తరము చదువరులు పెద్ద గదులలో నిండియున్నారు. పుట్టుకతో వచ్చిన నలుగురిని నమ్ముకొని అన్ని తరగతులు నడుపలేము గదా.

దీనిని పరీక్షించి చూచిన వృత్తాంతము ఒకటి కలదు. కెనడా దేశమున బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయములో మొదటి సంవత్సరపు భౌతికశాస్త్ర విద్యార్థులు రెండు పెద్ద వర్గములుగా ఉండిరి. ఒక్కొక్క దానిలో 260 మందికి పైగా. ఒక వర్గమునకు అనుభవశాలి, విద్యార్థుల మెప్పు పొందిన ఆచార్యులు ఉపన్యాస పద్ధతిలో చెప్పిరి. రెండవ వర్గమునకు ఒక వారము మాత్రము ఇద్దరు యువకులు చెప్పిరి. ఒకరు అప్పుడే పిహెచ్.డి. ముగించినవారు, ఒకరు ఇంకను పరిశోధక విద్యార్థి. వారికి అనుభవము లేదు, శిక్షణ కలదు. ప్రశ్న వేయుట, పిల్లలను తమలో తాము తర్కించుకొననిచ్చుట, వారి జవాబులు చూచి వెంటనే దిద్దుట అన్నది వారి పద్ధతి. వారము చివర ఒకే పరీక్ష పెట్టగా, ఆచార్యులవారి వర్గమునకు సగటున నూటికి 41, యువకుల వర్గమునకు 74 వచ్చినవి. ఇది 2011లో 'సైన్స్' పత్రికలో వెలువడినది. ఆ పని వెనుక నున్న కార్ల్ వీమన్‌గారు 2001లో నోబెల్ బహుమానము పొందిన భౌతికశాస్త్రజ్ఞులు. ఆ బహుమానము వచ్చిన పరిశోధనకు మన సత్యేంద్రనాథ్ బోస్‌గారి పేరును ఐన్‌స్టైన్ పేరును కలిపి పెట్టినారు. ఒక్క వారము, ఒక్క పాఠము. దాని మీదనే మేడ కట్టరాదు. అయితే 2014లో అట్టి 225 పరిశీలనలను ఒకచోట కూర్చి చూచినవారును ఇదే ధోరణి కనుగొనిరి. కేవలము ఉపన్యాసము విన్న తరగతులలో తప్పినవారు నూటికి 34 మంది, విద్యార్థులచేత పని చేయించిన తరగతులలో 22 మంది. వర్తకులకు ఆ రెండు అంకెల నడిమి భేదము చెప్పనక్కరలేదు.

ఆ యువకులు నేర్చినదేమి? అందులో మంత్రము లేదు. పిల్లవాని తల ఖాళీ కుండ కాదని, అందులో ముందే ఏవో అభిప్రాయములు ఉండునని తెలిసికొనుట మొదటిది. ఒక రాయిని నిటారుగా పైకి విసరినారనుకొనుడు. శిఖరమున ఒక్క క్షణము ఆగినట్లుండును. ఆ క్షణమున దాని త్వరణమెంత? భౌతికశాస్త్రములో మంచి మార్కులు వచ్చినవారును అనేకులు సున్న అందురు. వేగము సున్న, త్వరణము కాదు. వేగము మారుచుండు రేటునకే త్వరణమని పేరు. అదియు సున్న అయినచో రాయి ఆకాశముననే వ్రేలాడుచుండవలెను. ఇటువంటి అపోహలను బయటికి తీయు ప్రశ్నలను కూర్చి 1992లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు ఆచార్యులు డేవిడ్ హెస్టినీస్‌గారును వారి సహచరులును ఒక పరీక్షగా ప్రకటించిరి. లెక్కలు చేసి మార్కులు తెచ్చుకొన్న పిల్లలే ఈ మాటల ప్రశ్నలలో తడబడుట చూచి పెద్ద పెద్ద విశ్వవిద్యాలయముల ఆచార్యులు ఆశ్చర్యపడిరి.

ప్రశ్న వేసి ఊరకుండుట రెండవది. ఇది వినుటకు సులభము, చేయుటకు మహాకష్టము. మేరీ బడ్ రో అను అమెరికా విదుషి పాఠశాలల తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన పిమ్మట సగటున ఒక్క సెకను కూడ ఆగుట అరుదని 1970 దశకములో వ్రాసిరి. మూడు సెకనులు ఆగినంతనే, పిల్లల జవాబులు పొడవైనవి, మాటలాడు పిల్లల సంఖ్య పెరిగినది. మనకీ సూక్ష్మము తెలియనిది కాదు. చీర పరచి ధర చెప్పిన పిమ్మట నోరు మూసికొని కూర్చుండనేర్చినవాడే మంచి వర్తకుడు.

ఇక భాష. ఈ విషయమున మన పిల్లలకు ఇతరులకు లేని కష్టము కలదు, ఇతరులకు లేని భాగ్యమును కలదు. ఇంట తెలుగు, వీథిలో ఒడియా, పుస్తకములో ఆంగ్లము. తెలుగులో మనము 'బలము', 'శక్తి' అను మాటలను ఒకే అర్థమున వాడుకొందుము. శాస్త్రములో బలము వేరు, శక్తి వేరు. ఆ భేదము మాటలోనే విప్పి చెప్పనిచో, విద్యార్థి ఆంగ్లపు మాటలను కంఠస్థము చేసి, లోపల రెంటిని ఒకటిగానే ఉంచుకొనును. వినోదమేమనగా ఒడియా పుస్తకములలోను బలము బలమే, శక్తి శక్తియే, త్వరణము త్వరణమే. ఉచ్చారణలో కొంచెము మార్పు. కనుక రెండు భాషలెరిగిన మన కుర్రవాడు తరగతిలో తెలుగు బిడ్డకును ఒడియా బిడ్డకును ఒకే వంతెన వేయగలడు. కాని అన్ని మాటలును కలియవు. తెలుగులో 'ద్రవ్యరాశి' అనునది ఒడియాలో 'వస్తుత్వ'. మన 'భారము' వారి 'ఓజన్'. ఏది కలియునో ఏది కలియదో ముందుగా వ్రాసి పెట్టుకొనుట కూడ శిక్షణలో భాగమే. ఈ పని కెనడావారు మనకు చేసిపెట్టలేరు.

భారము మాట వచ్చినది గనుక కొట్టు సంగతి ఒకటి. రెండు పళ్ళెముల త్రాసు తూచునది భారమును కాదు, ద్రవ్యరాశినే పోల్చి చూచుచున్నదని ఒక పరిశోధక విద్యార్థి మాకు చెప్పినప్పుడు మొదట నమ్మలేదు. చంద్రమండలమున కొట్టు పెట్టినను పళ్ళెముల త్రాసులో కిలో బెల్లము కిలోగానే తూగును. స్ప్రింగు త్రాసులో మాత్రము ఆరవ వంతు చూపును. ఇన్నేండ్లు తూకములు చూచినవారికి ఆ మాట ఒక పూట నిద్ర పట్టనీయలేదు. శాస్త్రము అట్లు చెప్పవలెను. తెలిసిన వస్తువునుండి మొదలుపెట్టి తెలియని చోటికి తీసికొనిపోవలెను. 1956 చట్టము వచ్చిన పిమ్మట గజములు పోయి మీటర్లు వచ్చినప్పుడు మన తాతల తరము ఇదే చేసినది. మీటరన నేమో చెప్పక, "గజము మీద మూడంగుళముల పైచిలుకు కలుపుకొనుడమ్మా" అని చెప్పిరి. ఊరంతయు నేర్చినది.

ప్రయోగశాల సంగతి వేరుగా చెప్పవలెను. పరిశోధక విద్యార్థులకు మొదట అప్పగించు పని సాధారణముగా అదియే. గాఢ సల్ఫ్యూరికామ్లమును పలుచన చేయునప్పుడు ఆమ్లమును కొంచెము కొంచెముగా నీటిలో పోయవలెనే గాని, నీటిని ఆమ్లములో పోయరాదు. పోసినచో వేడికి ఒక్కసారిగ మరగి ముఖముపై చిందును. ఇది పరిశోధకునికి చేతివ్రేళ్ళలోనే ఉండును గనుక నోట చెప్పుట మరచును. చెప్పుట మరచిన ఒక్కరోజు చాలును. ఆమ్లముకంటె మెల్లగా తినివేయునది మరొకటి కలదు. పై తరగతివారి రికార్డు పుస్తకములోని అంకెలను ఎత్తివ్రాయుట. లోలకముతో గురుత్వ త్వరణము కొలిచినచో ప్రతివానికిని సరిగా 9.8 వచ్చును! వర్తకుల లెక్కలలో అంత సరిగా వచ్చినచో అధికారి వెంటనే పుస్తకములు అడుగును. వచ్చిన అంకె వ్రాయుము, అది తప్పినచో ఎందుకు తప్పినదో చెప్పుము, దానికే మార్కులు అని అనగలిగిన ధైర్యము చెప్పువానికి ఉండవలెను. అది నియమావళివలన రాదు, ఎవరో చేసి చూపగా వచ్చును.

ప్రభుత్వమువారు ఏమియు చేయలేదని మేము అనము. ఉద్యోగములో చేరిన అధ్యాపకులకు శిక్షణనిచ్చుటకు 1987 నుండి విశ్వవిద్యాలయములలో అకడమిక్ స్టాఫ్ కళాశాలలు వెలసినవి. తరువాత వాని పేర్లు మారినవి, 2023లో మాలవీయ పేరిట మరల మారినవి. కాని ఆ శిక్షణ చేరిన పిమ్మట వచ్చునది. అప్పటికి మొదటి తరగతుల పిల్లలు దాటిపోయియుందురు. 2020 జాతీయ విద్యావిధానములోను, ఆ తరువాత 2022 నవంబరులో యు.జి.సి. పిహెచ్.డి.కి చేసిన నిబంధనలలోను మంచి మాట వచ్చినది. పిహెచ్.డి.లో చేరిన ప్రతివారును తమ విషయమునకు సంబంధించిన బోధనలోను రచనలోను శిక్షణ పొందవలెనని, వారమునకు 4 నుండి 6 గంటలు ట్యుటోరియల్, ప్రయోగశాల, మూల్యాంకన పనులు వారికి అప్పగింపవచ్చునని అందులో వ్రాసినారు. మన పిల్లలలో ఎందరికి ఈ నిబంధన ఉన్నదని తెలియును? తెలిసినవారు తమ విభాగములో దానిని గూర్చి అడుగుడు. వినయముగా అడుగుడు, వ్రాతపూర్వకముగా అడుగుడు. మూల్యాంకనమనగా ఆచార్యులవారి పేపర్ల కట్టలు దిద్దిపెట్టుట మాత్రమే అయినచో అది శిక్షణ కాదు, వెట్టి.

తల్లిదండ్రులు చెప్పు అభ్యంతరము మాకు తెలియును. "మా వాడు ఫెలోషిప్ తెచ్చుకొని పరిశోధన చేయుచున్నాడు. పత్రములు ప్రకటించిన ఉద్యోగము వచ్చును గాని పిల్లలకు పాఠములు చెప్పిన వచ్చునా?" అందురు. ఫెలోషిప్ మంచి మొత్తమే. 2023 జనవరి నుండి జె.ఆర్.ఎఫ్. నెలకు 37,000 రూపాయలు. పరిశోధన మానుమని మేము చెప్పుట లేదు. కాని ఆ ఫెలోషిప్ ఐదేండ్లకు ముగియును. ఆ పిమ్మట ముప్పదేండ్లు వారు చేయు పనిలో అధికభాగము బోధనయే. ముప్పదేండ్ల పనికి వారమునకు కొన్ని గంటలు సిద్ధపడుట దండుగ అని లెక్క వేయు వర్తకుడు ఎవరో మాకు తెలియదు. మరియు, చెప్పబోయినప్పుడే తనకు ఎక్కడ తెలియదో తెలియునని పరిశోధకులే మాతో అనిరి.

ఈ ప్రాంతమునకు శాస్త్రవిద్యతో ఉన్న సంబంధము నిన్నటిది కాదు. 1936లో గంజాం ఒడిషాలో చేరుటకు పది యేండ్ల ముందు, 1926లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలసినది. దానికి విరివిగా ధనమిచ్చినవారు జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు. అక్కడి విజ్ఞాన సాంకేతిక కళాశాలకు వారి పేరే పెట్టినారు. కలకత్తాలో రామన్‌గారి వద్ద పరిశోధన చేసి వచ్చిన సూరి భగవంతముగారు, రసాయనములో టి. ఆర్. శేషాద్రిగారు వాల్తేరులో బోధించిరి. ఒకనాడు మన పిల్లలు పై చదువులకు అంత దూరము పోవలసియుండెను. 1967లో బరంపురమునకే విశ్వవిద్యాలయము వచ్చినది. 2016లో భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధనా సంస్థ, మనము ఐసర్ అనునది, ఇక్కడనే నెలకొన్నది. భవనములు వచ్చినవి, యంత్రములు వచ్చినవి. ఆ కాలమున రాజులు లక్షలు ఇయ్యవలసి వచ్చినది. ఇప్పుడు మేము అడుగబోవునది ఒక గది, ఒక బోర్డు, కొన్ని ఆదివారములు.

కార్యవర్గము ప్రతిపాదన ఇది. సంఘభవనపు చిన్న హాలును ప్రతి ఆదివారము ఉదయము రెండు గంటలు ఈ పనికి విడిచిపెట్టవలెను. శాస్త్రములలో ఎమ్మెస్సీ చదువుచున్నవారు, పరిశోధనలో ఉన్నవారు వంతులవారీగా వచ్చి, ఇరువది నిమిషముల పాఠము చెప్పవలెను. ఎదుట కూర్చుండువారు నిజమైన విద్యార్థులు కావలెను: ప్లస్ టూ, డిగ్రీ మొదటి సంవత్సరము చదువు మన పిల్లలు. పాఠము ముగిసిన పిమ్మట ప్రతి విద్యార్థియు పేరు వ్రాయక ఒక చీటిపై రెండు మాటలు వ్రాయవలెను: ఏది అర్థమైనది, ఎక్కడ దారి తప్పినది. ఆ చీటీలు చెప్పినవారికి మాత్రమే అందును. తల్లిదండ్రులకు చూపబడవు, నోటీసు బోర్డుపై అంటింపబడవు. విశ్రాంత అధ్యాపకులు ముగ్గురు వెనుక కూర్చుండి చూచుటకు ఒప్పుకొన్నారు. వారికి మేము ఒక్క విన్నపము చేసితిమి. పాఠము నడుమ లేచి తామే చెప్పరాదు. ముగ్గురిలో ఒకరు ఈ నియమము తమకు కష్టమని నిజాయితీగా ఒప్పుకొనిరి.

ఇది ట్యూషను కేంద్రము కాదు. రుసుము లేదు, మార్కుల హామీ లేదు. కార్యవర్గములో రెండు విషయములపై భిన్నాభిప్రాయములు వచ్చినవి, అవి మీరే తేల్చవలెను. ఒకటి, హాలు అద్దె. ముహూర్తముల కాలమున ఆదివారపు అద్దె సంఘమునకు ముఖ్యమైన ఆదాయము. కోశాధికారిగారు దానిని విడుచుటకు వెనుకాడుట సహజము. పెండ్లి ఉన్న ఆదివారము పాఠము మేడపైకి మారునని, తక్కిన ఆదివారముల లోటు వర్తకసభ్యులు చందాగా పూడ్చవలెనని మా సూచన. మొదటి మూడు నెలల లోటు మా కొట్టు భరించును. రెండవది, ఒడియా యువకులను రానిత్తుమా అన్నది. సంఘము తెలుగువారిది, సభ్యుల ధనము తెలుగువారికే అని కొందరు అనిరి. మా అభిప్రాయము వేరు. మన కుర్రవారు రేపు నిలువబోవు తరగతులలో అధికులు ఒడియా పిల్లలే. ఒడియా బిడ్డ ముఖము చూచి పాఠము చెప్పుట ఇక్కడ నేర్వనిచో ఎక్కడ నేర్తురు? అటులనే ఒడియా యువకుడు మన తెలుగు బిడ్డకు చెప్పుట నేర్చినచో ఆ లాభము ఎవరిది? తలుపు తెరచియే ఉంచవలెనని మేము కోరుచున్నాము.

చదువుకొన్న ఆడపిల్లలు పాఠము చెప్పుటకు ముందుకు రావలెను. ఉదయమే పెట్టుటకు కారణము అదియే. మధ్యాహ్న భోజనముల వేళకు అందరును ఇండ్లకు చేరవచ్చును. ఆర్ట్సునకు మారిన ఆ అమ్మాయిని చీటీలు పోగుచేసి, చదివి, వరుసపెట్టి ఇచ్చు పనికి అడిగితిమి. ఆలోచించి చెప్పెదనన్నది. ఆమెకు చెప్పిన అధ్యాపకుడు మొదటి ఆదివారము పాఠము తానే చెప్పెదనని తానుగా పేరు ఇచ్చినాడు. పాఠము లోలకము. ప్రతి విద్యార్థియు ఒక మీటరుకు మించిన పురికొస, ఒక తాళపుకప్ప తీసికొని రావలెను. ఇరువది ఊపులు లెక్కించి, పట్టిన కాలమును ఇరువదితో భాగించి, ఎవరికి వచ్చిన అంకె వారు వ్రాయుదురు. మీటరు పొడవునకు ఒక ఊపు దాదాపు రెండు సెకనులు పట్టవలెను. తేడా వచ్చినవారు అది ఎందుకు వచ్చినదో ఆలోచించి చెప్పవలెను. పొడవు కొలుచుటకు మీటరు కర్రలు మా కొట్టునుండి పంపెదము.

పేర్లు ఇయ్యదలచినవారు సంఘ కార్యాలయమున సాయంకాలము ఆరు నుండి ఎనిమిది వరకు గుమాస్తాగారి వద్ద వ్రాయించుకొనవచ్చును. హాలు అద్దె తీర్మానము ఇప్పుడే ఓటునకు పెట్టవలసినదిగా అధ్యక్షులవారిని కోరుచున్నాము.